రాజకీయాలు మాట్లాడరాదు

"ఈ బోర్డు చెల్లదోయ్" అంటూ లాయరు సెలూన్ గోడకున్న ‘ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు’ అనే బోర్డును మేకు నుంచి తీసి బల్ల మీద పడేశాడు. కుర్చీలో చేరగిలబడ్డాడు. "మాట్లాడటం ప్రాథమిక హక్కు. రాజ్యాంగం ఇచ్చింది. లాక్కోడానికి నువ్వెవరు?"

బార్బరు తాపీగా ఆయన మొహానికి నురగ పట్టించాడు. "ఆ హక్కు నాకూ ఉంటుందా సార్?"

"నిక్షేపంగా ఉంటుంది. చెప్పు, ఈసారి గెలిచినవాళ్ల మీద నీ అభిప్రాయమేమిటి?"

కత్తి ఎడమ చెంప మీద నున్నగా దిగింది.

"అభిప్రాయమా? మా వీధికి లైట్లు వేయిస్తానని ఆ గెలిచినాయన ఇదే కుర్చీలో కూర్చుని, నా ఈ చేత్తోనే గడ్డం గీయించుకుని..."

గొంతు లేచింది. కత్తీ లేచింది. గాల్లో ఒక చుట్టు తిరిగి లాయరు కంఠం దగ్గర ఆగి వణికింది.

లాయరు మెడ వెనక్కి లాక్కున్నాడు.

బెంచీ మీద పేపరు చదువుతున్న బార్బరు బావమరిది తల ఎత్తాడు. "ఆ బోర్డు మీకోసం కాదు సార్. మా బావ కోసం మా అక్క పెట్టించింది." చెవి కింద పాత గాటు చూపించాడు. "ఇది పోయిన ఎన్నికల మీద ఆయన అభిప్రాయం."

లాయరు సగం గడ్డంతో లేచి, మళ్లీ మేకుకు తగిలించడానికి మెల్లగా బోర్డు అందుకున్నాడు.

బార్బరు మొహం చిన్నబోయింది. "ఇన్నాళ్లకి ఒకరు అడిగారనుకున్నా సార్. ఇంకా సగమే చెప్పాను."

లాయరు అతని వంక చూశాడు. బోర్డు మళ్లీ బల్ల మీదే పెట్టి, తన కుర్చీ చూపించాడు.

"కూర్చో. మొత్తం చెప్పు, వింటాను. ముందు ఆ కత్తి ఇలా ఇవ్వు."