పెట్రోలు ట్యాపు

నాగరత్న తోసుకొచ్చిన బండిని మెకానిక్ జాకబ్ మధ్యాహ్నానికల్లా సగం విప్పేశాడు. ప్లగ్గు మార్చాడు, ఎయిర్ ఫిల్టరు దులిపాడు. ట్యాంకు ఊపితే పెట్రోలు గలగలమంది కాబట్టి ఆ వైపు చూడనే లేదు. కాలు నొప్పి పుట్టేదాకా కిక్కు కొట్టినా బండి పలకలేదు.

"ఇంజనే పోయినట్టుండాదక్కా" అన్నాడు.

"పోనీలే" అందామె గోరంట్ల రోడ్డు వైపు చూస్తూ.

చేని బావిలో పడి ఆమె భర్త పోయాడు. కాలు జారిందన్నారంతా. ఆ రోజు ఊరివాళ్లు బావి గట్టు నుంచి తోసుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టిన బండి అది. ఆ తర్వాత దాన్నెవరూ ముట్టలేదు.

ఇంజను విప్పడానికి కింద కూర్చున్నప్పుడు జాకబ్ కంటబడింది. ట్యాంకు కింద, ఇంజనుకు పెట్రోలు వదిలే ట్యాపు కట్టేసి ఉంది.

ట్యాపు తిప్పి, కాసేపాగి కిక్కు కొడితే బండి స్టార్టయింది.

"ఇన్నేండ్లుగా ఇదే పని చేస్తాండా, మొదట చూడాల్సింది చూడలేదు. ఎవురికీ చెప్పొద్దక్కా" అని నవ్వాడు. "అన్న బలే జాగ్రత్త మనిషి. బండి నిలిపినప్పుడల్లా ట్యాపు కట్టేటోడేమో."

నాగరత్న నవ్వలేదు.

"ఎప్పుడూ కట్టడు. వారం పది దినాలు ఊరికి పోతేనే కట్టేది. ఆ పొద్దు చేనికే కదన్నా పోయింది?"

జాకబ్ నవ్వు ఆగిపోయింది.

ఆమె వంగి ట్యాపు మళ్లీ కట్టేసింది. కార్బురేటర్లో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఇంజను ఆడుతూనే ఉంది. ఇద్దరూ వింటూ నిలబడ్డారు.