చివరి సీటు

మొదటి దెబ్బకే సున్నా మాస్టారి కళ్ళజోడు ఎగిరి బీరువా కింద పడింది.

"నా చెల్లెలికి సీటిచ్చావో, రెండో దెబ్బకి పళ్ళు రాలతాయి," అన్నాడు ఉల్లిపాయల గోడౌన్ యజమాని, చెల్లెలి పేరు చెప్పి గదికి లోపల గడియ పెడుతూ.

మాస్టారు యూనివర్సిటీలో ఎకనమిక్స్ విభాగానికి పెద్ద. ఎం.ఏ. సీట్లు ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే. మార్కులు వేయడంలో మహా పిసినారి. అక్కర్లేని వాక్యం కనిపిస్తే చాలు, దయా దాక్షిణ్యం లేకుండా గుండుసున్నా చుడతారు. పిల్లలు కడుపుమండి పెట్టుకున్న పేరు ఊరికే పోలేదు, చివరికి గోడౌన్ల దాకా పాకింది. మర్నాడు నోటీసు బోర్డుకెక్కాల్సిన లిస్టు బల్లమీదే బోర్లించి ఉంది.

మాస్టారు ఏదో చెప్పబోయి నోరు తెరిచారు. రెండో దెబ్బ పడింది. పళ్ళు రాలలేదు గాని పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. మూల నిలబడ్డ అటెండరమ్మ ఫోన్ తీసింది. వాడు దాన్ని లాక్కుని నీళ్ళ కూజాలో పడేశాడు.

"అరిస్తే నీ వంతు," అని ఆమెకు వేలు చూపించి మాస్టారి వైపు తిరిగాడు. "ఇంటర్వ్యూ రోజు దాన్ని గదిలో పెట్టి తాళం వేశాను. ఇవాళ్టికీ తీయలేదు. అయినా పొగరు తగ్గితేనా! రేపు లిస్టులో నా పేరు చూసుకో అన్నయ్యా అని కిటికీలోంచి అంటోంది. ఏదీ, రాయి చూద్దాం ఆ పేరు! ఈ చెయ్యి ఉండదు."

మాస్టారు తెరిచిన నోరు మూసుకున్నారు.

"తాళం ఎందుకు వేశావు నాయనా?"

"ఎందుకా?" వాడు ఆయన కుడిచేతిని వెనక్కి మెలిపెట్టాడు. భుజంలో ఏదో కలుక్కుమంది. "అది చదువుకి పోతే నా గోడౌన్ మూతబడుతుంది! ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో చెప్పేది అదే. పోయినేడు ధర ఆకాశంలో ఉంది, ఇంకా పెరుగుతుందని అందరూ సరుకు దాచారు. ఇప్పుడే అమ్మెయ్ అన్నయ్యా అంది. అమ్మేశా. వారం తిరక్కుండా ధర చచ్చింది. అందరూ మునిగారు, నేనొక్కణ్ణే తేలాను."

"దానికెలా తెలిసింది?" పళ్ళ బిగువున అడిగారు మాస్టారు.

"బజార్లో ఖాళీ గోనెసంచి దొరకడం లేదట! సంచులన్నీ మాయమయ్యాయంటే అందరి గోడౌన్లూ నిండాయన్నమాట, ఏదో ఒకరోజు అందరూ ఒక్కసారే తలుపులు తీస్తారు, మనం ముందే తీసేద్దాం అంది. అయినా నీకెందుకురా ఈ ఆరాలు?" అంటూ ఆయన్ని కుర్చీతో సహా నేలకేసి కొట్టాడు.

అటెండరమ్మ అడ్డం పడింది. ఒక్క తోపుకి వెళ్ళి గోడకు కొట్టుకుని కూలబడింది.

"సార్, మీకు దండం పెడతా, వాడన్నదానికి ఒప్పేసుకోండి!" అని ఏడ్చింది.

మొండిఘటం వింటేగా! నేలమీద పడి ఉండే అడిగారు: "లెక్క ఎప్పుడూ తప్పలేదా?"

డొక్కలో ఒక్క తన్ను తన్ని మరీ చెప్పాడు వాడు. "ఒకసారి తప్పింది. ఎక్కడో వంతెన కూలి లారీలు ఆగిపోయాయి. తప్పు నాదే అన్నయ్యా, దారి సంగతి ఆలోచించలేదు అంది. అప్పట్నుంచి లారీ డ్రైవర్లని అడగందే నోరు విప్పదు."

"అన్నీ తెలిసినదానికి మళ్ళీ చదువెందుకట?"

ఆ ప్రశ్న వాడికి ఎక్కడో తగిలింది. పేపర్‌వెయిట్ తీసి కిటికీకేసి విసిరాడు. అద్దం భళ్ళున పగిలి ముక్కలు మాస్టారి మీద రాలాయి.

"నేనూ అదే అడిగా! ధర పెరిగినా పడినా మధ్యలో మనం బాగానే ఉంటున్నాం, పండించినవాడూ కొనుక్కునేవాడూ ఎందుకు చస్తున్నారో తెలుసుకోవాలట. పిచ్చి ముండ!"

మాస్టారు మెల్లగా లేచి కూర్చున్నారు. ఇంక ఏమీ అడగలేదు. కుడిచెయ్యి వేలాడిపోతోంది. ఎడంచేత్తో బల్లమీది లిస్టు అందుకుని వాడికిచ్చారు.

వాడు వేలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. చెల్లెలి పేరు లేదు. చివరి వరస మాత్రం ఖాళీగా ఉంది.

"ఇదేంటి?"

"ఆ సీటుకి తగినవాళ్ళు దొరకలేదు."

"ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా, ముసలోడా!" వాడు పగలబడి నవ్వి, ఫోన్‌తో లిస్టు ఫోటో తీసుకున్నాడు. "ఇది దాని మొహాన కొడితే దెబ్బకి పొగరు దిగుతుంది. ఇంక తాళంతో కూడా పన్లేదు." గడియ తీసి, ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

అటెండరమ్మ కొంగుతో ఆయన పెదవి తుడిచింది. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

"పక్క గదిలోంచి పోలీసులకి ఫోన్ చేస్తాను సార్."

"వాణ్ణి ఇంటికెళ్ళి తాళం తీయనీ. అప్పుడు చెయ్యి."

"అసలు లేని పేరు కోసం ఇన్ని దెబ్బలు ఎందుకు తిన్నారు? పేరు లేదని మొదటే చెప్పేస్తే పోయేదిగా!"

"చెబుదామనే నోరు తెరిచానమ్మా. ఇంటర్వ్యూకి రాలేదని ఆ పిల్లకి సున్నా వేసి, పేరు తీసేసింది నేనే." మాస్టారు ఎడంచేత్తో జేబులోంచి పెన్ను తీసి ఆమెకిచ్చారు. "నా చెయ్యి లేవడం లేదు, నువ్వే రాయి. ఆ ఖాళీలో ఆ పిల్ల పేరు, ఇంటర్వ్యూకి నూటికి నూరు. ఆ పిల్ల బదులు వాళ్ళన్న వచ్చి అన్ని ప్రశ్నలకీ జవాబు చెప్పి వెళ్ళాడు."