వాన చూడని కలుగు

ఏటి ఒడ్డున ఉన్న చీమల పుట్టలో గుడ్లకు కాపలా ముసలి చీమ నల్లవ్వది. ఏరు పొంగితే వాటిని దాచడానికి మరో చోటు లేదని ఆమె బెంగ. అది విని పొరుగున ఉండే ఎలుక ఒకటి గట్టు మీద కొత్త కలుగు తవ్వింది.

"గుడ్లన్నీ ఇందులో పెట్టు అవ్వా. చుక్క నీరు దిగదు."

"ఇది వాన చూసిందా నాయనా?"

"ఇంకా లేదు."

"అయితే ముందు నేనుండి చూస్తాను."

తొలివాననాడు నల్లవ్వ ఒక్కతే ఆ కలుగులో కూర్చుంది. వాన వెలిసేలోపే కప్పు కూలింది. ఎలుక ఏడుస్తూ మట్టి తోడేసరికి ఆమెలో ప్రాణం లేదు. పుట్టలో గుడ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎలుక ఇంకో కలుగు తవ్వింది. చీమలు గుడ్లు మోసుకొచ్చాయి.

"ఇప్పుడే వద్దు, తల్లులారా," అని ఎలుక వాటిని ఆపి, ముసురుతున్న మబ్బు చూసి, తనొక్కటే లోపలికి వెళ్ళింది.