బిల్లు లేని పన్నెండు పాటలు

“పాటకింత. పన్నెండు పాటలు. ఆపైన కోర్టు ఖర్చులు,” అంటూ పాటల కంపెనీ వకీలు కాగితం ముందుకు తోశాడు.

టైలరమ్మ ఆ అంకె చూసి కళ్లు తేలేసింది. దుకాణంలో ఉన్న మూడు మిషన్లూ అమ్మినా అందులో సగం రాదు. మిషన్లు పోతే ఇక తినేదేముంది? హడావిడిగా పని మధ్యలో లేచి వచ్చిందేమో, ఆమె భుజం మీద ఆకుపచ్చ దారం పోగొకటి ఇంకా వేలాడుతోంది.

“నాలుగు పాటలు వింటే కూడు లాక్కుంటారా? మనుషులేనా మీరు?”

“మా పాటలు మీ దుకాణం కంప్యూటర్లో దొరికాయి. కొన్న బిల్లు లేదు. బిల్లు లేకపోతే డౌన్‌లోడ్ కిందే లెక్క.”

“అదే ఈ పాటల డిస్కు ఏ షాపులోనో కొట్టేశాననుకోండి. అప్పుడెంత?”

వకీలుకి నవ్వొచ్చింది. “అప్పుడు మాకేం సంబంధం? షాపువాడు ఆ డిస్కుకి మాకు ముందే డబ్బు కట్టేసి ఉంటాడు. వాడూ మీరూ తేల్చుకోవాలి. మహా అయితే డిస్కు ధర కక్కిస్తాడు.”

“అంటే నాకంటే దొంగే నయమన్నమాట! ఇదేం న్యాయమండీ? ఈ చట్టం రాసినవాడి నోట్లో మన్ను పడ!”

“నోరు అదుపులో పెట్టుకోండి. మీ ఆయన్ని పంపండి, ఆయనతో మాట్లాడతాను.”

“ఆయనది నాకంటే పెద్ద నోరు. మీరు తట్టుకోలేరు,” అని ఆమె విసురుగా లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ఆ గదిలోకి ముందు కేకలొచ్చాయి, వెనకాల మనుషులొచ్చారు. మ్యూజిక్ షాపు యజమానినంటూ ఒకాయన టైలరమ్మను తోసుకుంటూ వచ్చి, బల్ల మీద డిస్కొకటి విసిరికొట్టాడు.

“ఈవిడ నా షాపులో కొట్టేసిన డిస్కండీ ఇది! దీనికోసం నేను వెతకని అర లేదు!”

వకీలు డిస్కు తిప్పి చూశాడు. అవే పన్నెండు పాటలు.

“నిజమేనా?”

“తీశానండీ. మరి బిల్లెక్కణ్ణుంచి వస్తుంది?”

“సిగ్గు లేకుండా ఎలా చెబుతోందో చూడండి! నిన్ను కట్టుకున్నవాడి ఖర్మ!”

“నీతో కాపురం చేసే ఆవిడకి దండం పెట్టాలి! గుండీ పెట్టుకోవడం రాదు గానీ నన్నంటాడు!”

ఆ మాట మాత్రం నిజం. ఆయన తెల్లచొక్కాకి ఆకుపచ్చ దారంతో కుట్టిన గుండీ ఒకటి కాజాలో పడకుండా బయటే ఉంది.

వకీలుకి ఒళ్లు మండిపోయింది. “ఆపండి! ఏమయ్యా, పోలీసు కేసు పెడతావా?”

“నాకంత ఓపిక లేదండీ. డిస్కు ధర నా మొహాన కొడితే చాలు.”

ఆమె పర్సు తీసి, నోట్లు నిజంగానే ఆయన మొహాన కొట్టినంత పని చేసింది. నిన్న నోరు జారినందుకు వకీలు పళ్లు కొరుక్కున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకునే దారి లేక, కాగితం చించి బుట్టలో పడేశాడు.

“పొండి! ఇద్దరూ పొండి!”

మెట్ల మీద కూడా తిట్లు ఆగలేదు. “దొంగమొహమా!” అని ఆయన, “పిసినారీ!” అని ఆమె, వీధి మలుపు దాకా అదే గోల. అక్కడ ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు.

“ఈ పూట వంట నీదా, నాదా?”