ఇంటివాళ్ళుండే ఇల్లు

తలుపు తెరుచుకోలేదు. కోడలు నాలుగంకెల కోడ్ మళ్ళీ నొక్కింది. తాళం ఎర్రలైటు వెలిగించి కీచుమంది.

"సొంతింటి తలుపు తీయడం కూడా రాదా నీకు?" వెనకనుంచి అంది అత్తగారు, రెండు చేతుల్లో రెండు సంచులతో.

అప్పుడు గుర్తొచ్చింది. అతిథి మారినప్పుడల్లా కోడ్ దానంతటదే మారేలా పెట్టింది తనే. ఆ తెలివికి వారం రోజులు మురిసిపోయిందీ తనే.

పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే ఇళ్ళకి మున్సిపాలిటీ పెట్టిన నిబంధన ఒకటుంది. ఇంటివాళ్ళు కూడా అదే ఇంట్లో కాపురముండాలి. వీళ్ళేమో నాలుగు వీధుల అవతల ఫ్లాట్‌లో ఉంటున్నారు. లైసెన్సు పొడిగించే ముందు తనిఖీకి ఇవాళ పదకొండింటికి వస్తానన్నాడు ఇన్‌స్పెక్టర్. పొడిగించకపోతే సెలవుల బుకింగులన్నీ గల్లంతే. వాటిని నమ్ముకునే కోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఓ దండం పెట్టి వచ్చేసింది. దరఖాస్తు ఎవరి పేరు మీద ఉందో ఆ మొగుడుగారు ఆఫీసు పనిమీద వేరే ఊళ్ళో హాయిగా ఉన్నాడు.

అందుకే పదింటికే వచ్చి, కాపురమున్న ఇల్లులా కనిపించేటట్టు సర్దెయ్యాలని పథకం. సంచుల్లో టూత్‌బ్రష్‌లు, నైటీలు, ఇంట్లో తిరిగే చెప్పులు, అత్తగారి మోకాళ్ళ నూనె. చక్రాల పెట్టెలో దుప్పట్లు, వాటి మధ్య పెళ్ళి ఫోటో.

తలుపు లోపలినుంచే తెరుచుకుంది. వారం కింద అద్దెకు దిగిన రిటైర్డు పంతులమ్మ ఎదురుగా నిలబడింది. కోడ్ పంపించి చేతులు దులుపుకునే వ్యాపారం కాబట్టి ఇంటివాళ్ళూ ఆవిడా ఒకరినొకరు చూసుకోవడం ఇదే మొదలు. పదకొండింటికి కాస్త అలా తిరిగి రండి మేడమ్ అని కోడలు పొద్దున్నే మెసేజ్ పెట్టింది. పంతులమ్మ మెసేజ్‌లు చూసే మనిషిలా లేదు.

"రండి రండి. చెప్పులు ఆ మూల విడవండి," అంది పంతులమ్మ. చెప్పులు బుద్ధిగా ఆ మూలకే వెళ్ళాయి.

కోడలు హాల్లోకి అడుగుపెట్టింది. సోఫాలో ఇన్‌స్పెక్టర్. ఒళ్ళో మున్సిపాలిటీ ఫైలు, చేతిలో సగం తాగిన టీ.

కంఠతా పట్టుకొచ్చిన అబద్ధాల్లో ఏది ముందో వెతుక్కుంటూ కోడలు పెట్టెని కాళ్ళ వెనక్కి నెట్టింది.

"నేనే ముందొచ్చేశా. మీరు కంగారు పడకండి, కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పెట్టె వంకా సంచుల వంకా చూసి. ఆ చూపు కోడలికి ఏమంత బాగా అనిపించలేదు.

మెయిన్ స్విచ్ ఎక్కడన్నాడు. కోడలు ఎగిరి గంతేసినట్టు లేచి మెట్లకింద అర తెరిచింది. చీపుర్లు. స్విచ్ వంటింటి తలుపు వెనకుందని పంతులమ్మ కూర్చున్నచోటునుంచే చెప్పింది. మంటలార్పే సిలిండర్ అడిగితే కోడలు ఫోన్‌లో జాబితా వెతికేలోపు పంతులమ్మ దాన్ని తెచ్చి బల్లమీద పెట్టింది. పైన దుమ్ముంటే తానే తుడిచానని కూడా చెప్పింది.

తనేమైనా తక్కువా అనుకుందో ఏమో, అత్తగారు లేచి, పడకగది చూపిస్తానంటూ బాత్‌రూమ్ తలుపు బార్లా తీసింది.

ఇన్‌స్పెక్టర్ ఏదో రాసుకున్నాడు. కోడలు అత్తగారిని చూసింది. అత్తగారు గోడని చూసింది.

తర్వాత ఆయన ఇల్లంతా పంతులమ్మ వెంట తిరిగాడు. కారే కుళాయికి ఆవిడ గుడ్డ కట్టిందట. కిటికీ గడియకి నూనె వేసిందట. పక్కింటివాళ్ళ కుక్క ఏ వేళకి మొరుగుతుందో కూడా చెప్పింది. ఇంట్లో ఎవరుంటారని అడిగితే, నేనుంటున్నాగా అంది.

అయిపోయింది, అనుకుంది కోడలు. పాత మేనేజర్‌కి ఫోన్ చేస్తే మళ్ళీ తీసుకుంటాడా, ముందు ఏమని మొదలుపెట్టాలి అని లోలోపల వాక్యాలు కూర్చుకుంటోంది.

తిరిగొచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆమె ముందు ఆగాడు. "మీకంతా సౌకర్యంగానే ఉందా అమ్మా?"

వెటకారం. ఇంత నెమ్మదిగా వెటకరించే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. "బాగానే ఉందండీ," అంది తల దించుకుని.

ఆయన ఫైలు తెరిచి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు. కాగితం చింపి పంతులమ్మకి అందించాడు.

"లైసెన్సు రెండేళ్ళు పొడిగించానని మీ అబ్బాయికి చెప్పండమ్మా. ఇంటివాళ్ళు కనిపెట్టుకుని ఉన్న ఇల్లు చూడగానే తెలిసిపోతుంది."

పంతులమ్మ కళ్ళజోడు కిందకి దించి, "మా అబ్బాయేమిటి..." అని మొదలుపెట్టేలోపు ఆయన గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఈ అద్దెకు దిగినవాళ్ళిద్దరూ ఎప్పుడు వెళ్తున్నారు?"

అత్తగారు పంతులమ్మ చేతిలోంచి కాగితం లాగి కొంగులో దోపుకుంది. "ఇదిగో, ఇప్పుడే బయల్దేరుతున్నామండీ."