ఐదో రోజు మధ్యాహ్నం

“మా ఊళ్లో పండగని రాసిన మొహం ఎవరిది?” గైడు థోవా కాగితం తెచ్చి బల్ల మీద విసిరికొట్టింది.

విదేశీయులకి హనోయ్ నుంచి సైగాన్ దాకా ఐదు నగరాల యాత్ర పట్టిక రాసిన ఖాయ్ తలెత్తాడు. “నేనే పెద్దమ్మా. ఏం, మీ ఊరిని తక్కువ పొగిడానా?”

“ఇకిలించకు. ఐదో రోజు మధ్యాహ్నం ఏం రాశావో చదువు.”

“పల్లె పండగ. ఇంటింటా వాకిట్లో అగరొత్తులు, అన్నం, చేపల పులుసు. పోయినేడు బండి మీద పోతూ చూశాగా! ఒక్క ఇల్లు తప్పలేదు. ఫొటోలకి భలే ఉంటుంది.”

“మీ తాత తద్దినం ఎప్పుడు?”

“మూడో నెలలో.”

“నాయనమ్మది?”

“తొమ్మిదో నెల. ఎవరు పోయిన రోజు వాళ్లకి. ఊరందరికీ ఒకే రోజు ఎలా...”

ఖాయ్‌కి పోయినేడు చూసింది గుర్తొచ్చింది. ఆ రోజు ఒక వాకిట్లో పదకొండు గిన్నెలు వడ్డించి, ఒక్క ముసలామె కూర్చుని ఉంది. చుట్టాల కోసం చూస్తోందనుకుని చెయ్యి ఊపాడు. ఆమె అతన్ని చూడలేదు. అతని వెనక ఎవరో వస్తున్నట్టు చూసింది.

“యుద్ధంలో సిపాయిలు పొద్దున వచ్చారు. మధ్యాహ్నానికల్లా పని ముగించారు,” అంది థోవా. “మా అమ్మ నా మీద పడి చచ్చింది కాబట్టి నేనున్నాను.”

“తప్పయింది పెద్దమ్మా. మొత్తం కొట్టేస్తాను.”

“కొట్టేసి? వాళ్లని ఇంకోసారి పూడుస్తావా? పండగన్న మాట ఒక్కటే కొట్టెయ్. ఎందరు పోయారో, ఎవరు చంపారో రాయి. కెమెరా సంచిలో పెట్టి ఆ గిన్నెల ముందు తల దించేవాళ్లనే తీసుకురా. నా మొహం చూస్తావేం? రాయి!”