చెవుల్లో దూది

ఊరి పొలిమేరలో కారు ఆపించి ఒరెస్తె రెండు చెవుల్లోనూ దూది కుక్కుకున్నాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అవి చాలవన్నట్టు వాటి వెనక కళ్ళు కూడా మూసుకున్నాడు.

“ఇక పోనీ. ఎవరు అడ్డొచ్చినా ఆపకు,” అన్నాడు భార్యతో.

నీవెస్ నవ్వాపుకుంటూ గేరు మార్చింది.

పాపం, ఆయన బాధ ఆయనది. మరనెల్లో ఊళ్లో పుట్టినవాడికి ఆదివారం రేసంటే ప్రాణం. ఎర్ర రేసు కార్లు తయారయ్యేది ఇక్కడే మరి! ఆ ఎర్ర కారు గెలిచి రెండేళ్ళు దాటింది. ఈసారి ఖాయమని ఊరంతా చెప్పుకుంటూంటే, పార్మాలో ఉన్న చెల్లెలు సరిగ్గా రేసు వేళకే మనవరాలి బాప్తిస్మం పెట్టుకుంది. వెళ్ళక చస్తాడా! రేసు రికార్డయ్యేలా పెట్టి, ఫోన్లు రెండూ ఇంట్లోనే పారేసి వెళ్ళాడు. ఫలితం చెవిన పడకుండా ఇల్లు చేరితే చాలు, మొదటినుంచీ తాపీగా చూసుకోవచ్చు. ఫలితం తెలిశాక చూసే రేసు చల్లారిన కాఫీతో సమానమని ఆయన సిద్ధాంతం.

“చూడటం పూర్తయ్యేదాకా రేసు గురించి ఒక్క ముక్క మాట్లాడావో, మడోన్నా మాత మీద ఒట్టే,” అని పొద్దున్నే భార్యచేత మాట తీసుకున్నాడు.

కారు కూడలికి వచ్చింది. మంగలి ఆమోస్ దుకాణంలోంచి ఉరికి వచ్చి, వెంటబడి, డిక్కీ మీద దబదబా బాదాడు. కాఫీ కొట్టు ఇర్మా రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులు రెండూ ఊపింది. నీవెస్ ఎలాగో తప్పించి పోనిచ్చింది.

“చూశావా?” అన్నాడు ఒరెస్తె కళ్ళు తెరవకుండానే. “నాకు చెప్పకపోతే వీళ్ళ కడుపులు ఉబ్బిపోయేలా ఉన్నాయి.”

ఇంటి ముందు దిగుతూంటే ఎడమ చెవిలో దూది జారి పడింది. ఒరెస్తె ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు.

నిశ్శబ్దం. గాలికి ఆకులు కదిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

రేసు అయిపోయి పావుగంటైనా అయివుంటుంది. ఎర్ర కారు గెలిస్తే ఈ ఊళ్లో చర్చి గంటలు మోగుతాయి. అరగంటసేపు ఆగకుండా మోగుతాయి. పక్క ఊరికి కూడా వినిపిస్తాయి.

“ఏమయ్యా, అలా మొహం వేలాడేశావు?” అంది నీవెస్.

“ఓడిపోయాం. గంటల్లేవు.”

“ఓ!” అని నోరు తెరిచిన నీవెస్, ఒట్టు గుర్తొచ్చి మళ్ళీ మూసుకుంది.

అయినా ఏర్పాట్లన్నీ చేసి పెట్టుకున్నాడాయె. గోడంత టీవీ. నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు. పాత సామాన్ల సంతలో కొన్న రేసు కారు సీటు. మొహానికి గాలి కొట్టేందుకు ఎదురుగా నిలువు ఫ్యాను. వాసన కోసం గిన్నెలో రెండు చుక్కలు పెట్రోలు.

“అగ్గిపుల్ల కూడా తెచ్చివ్వనా? ఇంకా నిజంగా ఉంటుంది,” అంది నీవెస్.

“ఏడిసినట్టుంది నీ వేళాకోళం. ఆ సీసా తియ్యకు. ఓడిన రోజు ద్రాక్షసారా ఏమిటి!” అని, బాప్తిస్మానికి వేసుకున్న కోటైనా విప్పకుండా సీట్లో కూలబడ్డాడు.

రేసు మొదలైంది. ఎర్ర కారు ముందుంది.

“ఎంతసేపులే! ఇంకాసేపట్లో చెడుతుంది,” అని నిట్టూర్చాడు.

ఇరవయ్యో చుట్టులో ఎవరో తలుపు విరిగేలా కొట్టారు. నీవెస్ వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. పెదవులు బిగబట్టుకుని ఉంది, భుజాలు మాత్రం నవ్వుతో అదురుతున్నాయి.

“ఎవరు?”

“సావెరియో ఫాదర్.”

“ఏం కావాలట?”

“చెప్పకూడదు. ఒట్టు.”

“ఓదార్చడానికి వచ్చుంటాడు పాపం. అయ్యాక కనిపిస్తానని చెప్పు.”

“చెప్పాను. కాఫీ ఇచ్చి వంటింట్లో కూర్చోబెట్టాను. తలపట్టుకుని కూర్చున్నాడు.”

ముప్పయ్యో చుట్టు. ఎర్ర కారే ముందు. టైర్లు మార్చి వచ్చాక కూడా అదే ముందు. ఒరెస్తెకు ఆనందం లేదు, ఎదురుచూపే. ఇప్పుడు పొగ వస్తుంది, ఇప్పుడు గోడకు కొడుతుంది అనుకుంటూ గుండె చిక్కబట్టుకున్నాడు. చివరి చుట్టులో అయితే చేతులు అడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూశాడు.

ఎర్ర కారు గీత దాటింది. అందరికంటే ముందు!

ఒరెస్తె ఎగిరి గంతేశాడు. ఫ్యాను తన్నుకుని పడబోయి భార్యను పట్టుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. “గెలిచాం నీవెస్! రెండేళ్ళయింది! గెలిచాం!”

అంతలోనే ఆగిపోయాడు.

“ఉండుండు. గెలిస్తే మరి గంటలు ఎందుకు మోగలేదు?”

నీవెస్ కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. కింద సగం ఊరు నిలబడి ఉంది. ఆమోస్, ఇర్మా ముందువరసలో ఉన్నారు. అందరూ పైకి గుర్రుగా చూస్తున్నారు.

“ఇక ఒట్టు తీరినట్టేగా?” అంది నీవెస్. “‘ఇవాళ్టికి నా బదులు మీరే గంటలు కొట్టండి ఫాదర్’ అని చెప్పి, గోపురం తాళంచెవి కోటు జేబులో వేసుకుని పార్మా పోయిన గంట కొట్టేవాడివి నువ్వే కదయ్యా!”